ఇంట్లో ఎలక్ట్రిక్ కుక్కర్: బిగింపు, వాడకం, జాగ్రత్తలపై తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్కర్ అనగానే చాలామందికి ప్రెషర్ కుక్కరో రైస్ కుక్కరో గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది వాటి గురించి కాదు. పైన నాలుగు కరెంటు పొయ్యిలు, కింద ఓవెన్, కొన్నిటిలో గ్రిల్ కూడా ఉండి, వంటగది గట్టులో ఇమడకుండా నేల మీద తన కాళ్ల మీద తానే నిలబడే పెద్ద పొయ్యి గురించి. ఇలాంటిది నేను ఏళ్లుగా వాడుతున్నాను, ఇల్లు మారినప్పుడల్లా కొత్తగా బిగించుకున్నాను, సరిగ్గా బిగించకపోతే ఏమవుతుందో ఒకసారి దగ్గర నుంచి చూశాను. ముందువైపు మెరిసే గాజు గురించి, బటన్ల గురించి అందరూ అడుగుతారు, వెనకవైపు రేకు మూత కింద ఉండే నాలుగైదు స్క్రూల గురించి మాత్రం ఎవరూ అడగరు. అందుకే నేను అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

దీనికి మామూలు ప్లగ్ పెట్టి గోడ సాకెట్‌లో గుచ్చుకోవచ్చా?

కుదరదు. లెక్క వేసి చూడండి. పైన రెండు చిన్న పొయ్యిలు 1200 వాట్లవి, రెండు పెద్దవి 1800 వాట్లవి అనుకుందాం, ఆ నాలుగే 6000 వాట్లు. ఓవెన్‌కి ఇంకో 3000 వాట్లు కలపండి. మొత్తం 9000 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 39 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సాకెట్ ఇవ్వగలిగింది 3680 వాట్లే. ఒక పొయ్యి, ఓవెన్ కలిపి వేస్తేనే ఆ సాకెట్ హద్దు దాటిపోతుంది. తయారీదారే ప్లగ్‌తో సహా అమ్మే చిన్న మోడల్స్ కొన్ని ఉన్నాయి, వాటి సంగతి వేరు, మాన్యువల్‌లో ప్లగ్ పెట్టొచ్చని రాసి ఉంటే పెట్టండి. మిగతా అన్నిటికీ మెయిన్ బోర్డు నుంచి నేరుగా ఒక ప్రత్యేక లైన్ రావాలి, ఆ లైన్ మీద కుక్కర్ తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు గురించి కూడా అడుగుతుంటారు. అస్సలు వద్దు. ఒక్క రోజుకైనా వద్దు.

39 ఆంపియర్లు లాగుతుందంటూనే 32 ఆంపియర్ల బ్రేకర్ చాలంటారు, అదెలా?

మంచి ప్రశ్న. నాలుగు పొయ్యిలూ, ఓవెనూ ఒకేసారి పూర్తి వేడి మీద ఎక్కువసేపు ఉండవు. ప్రతిదానిలోనూ వేడిని అదుపు చేసే భాగం ఉంటుంది, అది కరెంటుని కాసేపు ఆపుతూ, కాసేపు ఇస్తూ ఉంటుంది. అందుకని ఎలక్ట్రీషియన్లు వాడే ఒక లెక్క ఉంది: మొదటి 10 ఆంపియర్లను పూర్తిగా లెక్కలోకి తీసుకుని, మిగతాదానిలో 30 శాతం మాత్రమే కలుపుతారు. మన ఉదాహరణలో 39లోంచి 10 తీసేస్తే 29, దానిలో 30 శాతం అంటే 8.7, మొత్తం 18.7 ఆంపియర్లు. కుక్కర్ స్విచ్ బోర్డు మీదే ఇంకో సాకెట్ కూడా ఉంటే మరో 5 కలుపుతారు. అందుకే చాలా ఇళ్లలో 32 ఆంపియర్ల బ్రేకర్, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ సరిపోతాయి. లైన్ చాలా పొడవైనా, కేబుల్ గోడలో వేడి బయటికి పోని చోట నుంచి వెళ్తున్నా 10 చదరపు మిల్లీమీటర్లది కావాల్సి రావచ్చు.

ఇందులో ఒక మాట గట్టిగా చెప్పాలి. బ్రేకర్ పదే పదే పడిపోతుంటే దాన్ని తీసి పెద్దది పెట్టమని చెప్పేవాళ్లు ఉంటారు, అలా చేయకండి. బ్రేకర్ ఉన్నది కుక్కర్ కోసం కాదు, గోడలో ఉన్న కేబుల్ కాలిపోకుండా కాపాడటం కోసం. పాత సన్న కేబుల్ మీద పెద్ద బ్రేకర్ పెడితే ఇక అది పడదు, కానీ దాని బదులు గోడలోపల కేబుల్ కాలుతుంది.

బిగింపు నేనే చేసుకోవచ్చా? నాలుగు వైర్లే కదా.

నాలుగు వైర్లే. కానీ నా సలహా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చేయించమనే. చాలా దేశాల్లో నిబంధనలు కూడా అదే చెబుతాయి, వేరేవాళ్లు చేస్తే వారంటీ పోయే అవకాశమూ ఉంది.

కారణం చెబుతాను. కుక్కర్ వెనకాల ఒక టెర్మినల్ బ్లాక్ ఉంటుంది, దాని మీద ఎర్త్, న్యూట్రల్, రెండు మూడు ఫేజ్ టెర్మినళ్లు ఉంటాయి. వాటిని కలుపుతూ చిన్న ఇత్తడి పట్టీలు ఉంటాయి. మీ ఇంటికి సింగిల్ ఫేజ్ వస్తుంటే ఫేజ్ టెర్మినళ్లన్నిటినీ పట్టీలతో కలపాలి, త్రీ ఫేజ్ అయితే విడదీయాలి. ఏ పట్టీ ఎక్కడ పెట్టాలో మూత లోపలే బొమ్మ ఉంటుంది, మోడల్‌ని బట్టి మారుతుంది. త్రీ ఫేజ్ కనెక్షన్‌లో న్యూట్రల్ గనక వదులైతే 230 వోల్టులు అందుకోవాల్సిన భాగాల మీద అంతకంటే చాలా ఎక్కువ, ఒక్కోసారి 400కి దగ్గరగా పడుతుంది, ఎలక్ట్రానిక్ బోర్డు క్షణాల్లో పోతుంది. ఇది అరుదుగా జరిగే విషయం కాదు, స్క్రూ సరిగ్గా బిగించకపోతే చాలు.

నా అనుభవం కూడా స్క్రూదే. ఒకసారి ఇల్లు మారినప్పుడు బిగించడానికి వచ్చిన మనిషి పావుగంటలో పని ముగించి వెళ్లిపోయాడు, అన్నీ వెలిగాయి, నేనూ సంతోషించాను. నాలుగు నెలల తర్వాత ఓవెన్ వేసిన ప్రతిసారీ చేపల వాసనలాంటిది రావడం మొదలైంది. వంట వాసనే అనుకుని వారం రోజులు పట్టించుకోలేదు. చివరికి మెయిన్ ఆపించి వెనక మూత తీయిస్తే న్యూట్రల్ స్క్రూ చేత్తో తిప్పినా తిరిగేంత వదులుగా ఉంది, చుట్టూ ప్లాస్టిక్ నల్లగా కరిగిపోయి ఉంది. వదులు కనెక్షన్ దగ్గర నిరోధం పెరుగుతుంది, అక్కడే వేడి పుడుతుంది, ఆ వేడికి లోహం వ్యాకోచించి సంకోచించి స్క్రూ ఇంకా వదులవుతుంది. ఇది బ్రేకర్‌కి తెలియదు, ఎందుకంటే కరెంటు ఎక్కువ లాగడం లేదు కదా. చేపలు కాలుతున్నట్టో, ప్లాస్టిక్ కాలుతున్నట్టో వాసన వస్తే ఆ రోజే ఆపేయండి. నాలాగా వారం ఆగకండి.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు నేను ఏం అడగాలి?

పక్కనే నిలబడి అడగండి, మొహమాటపడకండి. పని తెలిసినవాళ్లు ఏమీ అనుకోరు. ఈ లైన్‌కి కేబుల్ సైజు ఎంత, బ్రేకర్ ఎంత అని అడగండి. స్క్రూలు బిగించాక వైర్‌ని ఒకసారి లాగి చూడమనండి. కేబుల్‌ని పట్టి ఉంచే క్లాంపు బిగించారో లేదో చూడండి, చాలామంది వదిలేసేది ఇదే: కుక్కర్‌ని ముందుకు లాగినప్పుడు ఆ లాగుడు క్లాంపు మీద పడాలి, టెర్మినల్ మీద కాదు. కేబుల్ వేడి తట్టుకునే రకమేనా, ఓవెన్ వెనక రేకుకి తగలకుండా ఉందా అని చూడండి. శుభ్రం చేయడానికి కుక్కర్‌ని ముందుకు జరిపేంత పొడవు కేబుల్ ఉండాలి, కానీ కింద చుట్టలు చుట్టుకుపోయేంత ఉండకూడదు. చివరిగా ఎర్త్ పనిచేస్తోందో లేదో మీటర్‌తో చూపించమనండి, నోటి మాటగా ఉందంటే ఒప్పుకోకండి.

ఆ పెద్ద స్విచ్ ఎక్కడ ఉండాలి?

కుక్కర్‌కి గోడ మీద ఒక ఐసోలేటర్ స్విచ్ ఉండాలి, ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ రెండింటినీ తెంచే డబుల్ పోల్ రకం. అది కుక్కర్‌కి పక్కగా, రెండు మీటర్ల లోపు, చెయ్యి చాపితే అందేలా ఉండాలి. పొయ్యి పైన ఉండకూడదు. మంటలు లేచినప్పుడు ఆ మంటల మీదుగా చెయ్యి చాపి స్విచ్ ఆపాల్సి వస్తే ఆ స్విచ్ ఉన్నా లేనట్టే. కుక్కర్ వెనకాల దాచేసినా అంతే. ఇంట్లో వంట చేసే ప్రతి ఒక్కరికీ, కాస్త పెద్ద పిల్లలకి కూడా, ఆ స్విచ్ ఏదో చూపించండి.

ఆర్‌సీసీబీ అవసరమా? మాది ఊరికే ట్రిప్ అవుతోంది.

అవసరం. 30 మిల్లీఆంపియర్లది. బ్రేకర్ కేబుల్‌ని కాపాడితే ఇది మనిషిని కాపాడుతుంది, కరెంటు వెళ్లిన దారిన తిరిగి రాకుండా ఒంటి గుండానో ఎర్త్ గుండానో పోతుంటే వెంటనే తెంచేస్తుంది.

చాలాకాలం వాడకుండా ఉంచిన కుక్కర్‌ని, లేదా గోడౌన్‌లో పడి ఉన్నదాన్ని మొదటిసారి వేయగానే ట్రిప్ అవడం మామూలే. హీటర్ కడ్డీల లోపల మెగ్నీషియం ఆక్సైడ్ పొడి నింపి ఉంటుంది, అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది, ఆ తేమ గుండా కొంచెం కరెంటు బాడీలోకి లీకవుతుంది. ఎలక్ట్రీషియన్ ఇన్సులేషన్ మీటర్‌తో కొలిచి, తేమే కారణమైతే కడ్డీని ఆరబెడతాడు, కడ్డీ పోయి ఉంటే మార్చమంటాడు. ఈ ఆర్‌సీసీబీతో విసిగిపోయాం, తీసేద్దాం అనే ఆలోచన మాత్రం రానీయకండి. కుక్కర్ రేకు ముట్టుకుంటే సన్నగా జివ్వుమన్నా సరే, గోడ స్విచ్ ఆపి, మనిషి వచ్చి చూసేదాకా వేయకండి.

చుట్టూ ఎంత స్థలం వదలాలి?

మీ మోడల్ మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది, అదే చివరి మాట. మామూలుగా ఇవి 50, 60, 90 సెంటీమీటర్ల వెడల్పుల్లో వస్తాయి. పైన చిమ్నీ ఉంటే పొయ్యికీ దానికీ మధ్య దాదాపు 65 నుంచి 75 సెంటీమీటర్లు వదులుతారు. పక్కన ఉన్న చెక్క అరలు, వాటి మీది లామినేట్, జిగురు 90 డిగ్రీల దాకా తట్టుకోవాలని చాలా మాన్యువల్స్ అడుగుతాయి, తట్టుకోని వాటి అంచులు కొన్నాళ్లకి పైకి లేస్తాయి. పక్కనే ఫ్రిజ్ ఆనించి పెట్టకండి, పాపం అది చల్లబరచడానికి అదనంగా కష్టపడాలి. కిటికీ కర్టెన్ పొయ్యి మీదికి ఎగిరి వచ్చే చోటయితే కర్టెన్ తీసేయండి, లేదా కుక్కర్ చోటు మార్చండి, మధ్యే మార్గం లేదు. గట్టు ఎత్తుకి సమానంగా రావడానికి కింద ఇటుకలో చెక్కలో పెట్టడం చూశాను, అది వద్దు, కాళ్లు తిప్పితే ఎత్తు పెరుగుతుంది.

ఓవెన్ తలుపు మీద బరువు పడితే కుక్కర్ ముందుకి పడిపోతుందా?

పడిపోతుంది. నమ్మలేరు, ఎందుకంటే అది 40 నుంచి 60 కిలోల బరువుంటుంది, జరపాలంటే ఇద్దరు కావాలి. కానీ తలుపు కిందికి తెరిచినప్పుడు అది ముందుకు పొడుచుకొచ్చిన మీట లాంటిది. ఒక పిల్లవాడు పైన ఏముందో చూద్దామని దాని మీదికి ఎక్కితే చాలు, వెనక కాళ్లు లేస్తాయి. అప్పుడు కుక్కర్ ఒక్కటే కాదు, పైన మరుగుతున్నవన్నీ కూడా మీద పడతాయి.

అందుకే పెట్టెలో ఒక చిన్న ఇనుప బ్రాకెట్‌గానీ గొలుసుగానీ ఇస్తారు. బ్రాకెట్‌ని నేలకో గోడకో స్క్రూలతో బిగిస్తే వెనక కాలు దానిలోకి దూరుతుంది, గొలుసు అయితే గోడ కొక్కేనికి తగిలిస్తారు. బిగించేవాళ్లు తొందరలో దీన్ని అలాగే కవర్‌లో వదిలేసి వెళ్తారు. మీ ఇంట్లో ఇప్పటికే కుక్కర్ ఉంటే, అది పూర్తిగా చల్లగా, పైన గిన్నెలేవీ లేకుండా ఉన్నప్పుడు, పైన వెనక అంచు పట్టుకుని మెల్లగా ముందుకి వంచి చూడండి. కొంచెం కదిలి ఆగిపోవాలి. ఆగకపోతే బ్రాకెట్ లేదన్నమాట. శుభ్రం కోసం ముందుకు లాగి మళ్లీ పెట్టిన ప్రతిసారీ కాలు బ్రాకెట్‌లోకి వెళ్లిందో లేదో చూడాలి, ఇది నేను కూడా రెండుసార్లు మర్చిపోయాను.

మట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రసమట్టం ఉంటే ఓవెన్ లోపలి జాలీ మీద పెట్టి చూడండి, లేకపోతే ట్రేలో కొంచెం నీళ్లు పోసి పెట్టినా తెలిసిపోతుంది.

కొత్త కుక్కర్ మొదటిసారి వేసేటప్పుడు పొగ, వాసన వస్తున్నాయి. పాడైపోయిందా?

లేదు. ఫ్యాక్టరీలో పూసిన నూనె, ఇన్సులేషన్‌లోని జిగురు కాలుతున్న వాసన అది. ముందు ఓవెన్ లోపల ఉన్న కాగితాలు, థర్మకోల్ ముక్కలు, టేపు, రేకుల మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర అన్నీ తీసేయండి. జాలీలు, ట్రేలు సబ్బుతో కడిగి పక్కన పెట్టండి. తర్వాత ఖాళీ ఓవెన్‌ని గరిష్ఠ వేడి మీద, చాలావాటిలో అది 250 డిగ్రీలు, అరగంట నుంచి గంట ఉంచండి. కిటికీలన్నీ తెరవండి. ఇంట్లో పెంపుడు పక్షులుంటే వాటిని ముందే దూరంగా ఉన్న గదిలోకి తీసుకెళ్లండి, వాటి ఊపిరితిత్తులు చాలా సున్నితం, మనకి దగ్గు మాత్రమే వచ్చే పొగ వాటి ప్రాణం తీయగలదు. పైన ఉన్నవి ఇనుప పళ్లాల రకమైతే వాటిని కూడా గిన్నె లేకుండా మూడు నుంచి ఐదు నిమిషాలు వేడి చేయాలి, పైపూత గట్టిపడుతుంది.

పొయ్యిలు పనిచేస్తున్నాయి, ఓవెన్ మాత్రం వేడెక్కట్లేదు.

గడియారం చూడండి. అంకెలు మెరుస్తుంటే టైం పెట్టాలి. చాలా మోడళ్లలో టైం పెట్టేదాకా, లేదా మాన్యువల్ మోడ్‌కి మార్చేదాకా ఓవెన్‌కి కరెంటు వెళ్లదు. పవర్ పోయి వచ్చిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది, మెకానిక్‌ని పిలిచేముందు ఇది చూసుకోండి.

గాజు కింద ఎర్రగా వెలిగి మళ్లీ ఆరిపోతోంది. ఓవెన్ ఆపాక కూడా ఫ్యాన్ తిరుగుతోంది.

రెండూ మామూలే. మొదటిది వేడిని అదుపులో పెట్టే పద్ధతి, రెండోది లోపలి భాగాల్ని చల్లబరచడానికి. ఫ్యాన్ ఆగేదాకా గోడ స్విచ్ ఆపకండి.

మాది ఇండక్షన్ రకం. దానికి ఏమైనా తేడా ఉందా?

బిగింపు దాదాపు అంతే. వాడకంలో గిన్నె అడుగుకి అయస్కాంతం అంటుకోవాలి, అంటుకోకపోతే ఆ గిన్నె పనికిరాదు. గాజు దానంతట అది వేడెక్కదు, గిన్నె వేడే దానికి చేరుతుంది, కాబట్టి గిన్నె తీయగానే త్వరగా చల్లారుతుంది, అయినా వెంటనే చెయ్యి పెట్టకండి. చెంచాలు, కత్తులు, మూతలు దాని మీద వదిలేయకండి. ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే ముందు గుండె డాక్టర్‌ని అడగండి, సాధారణంగా పనిచేస్తున్న పొయ్యికి 60 సెంటీమీటర్ల దూరం ఉండమని చెబుతారు.

మామూలు గాజు పొయ్యిలోనైతే ఆపిన తర్వాత కూడా వేడి చాలాసేపు ఉంటుంది, ఎరుపు పోయినంత మాత్రాన చల్లారినట్టు కాదు. ముందువైపు చిన్న ఎర్ర లైటో, 'హెచ్' అక్షరమో వెలుగుతున్నంతసేపూ దాన్ని మండుతున్న పొయ్యిగానే చూడాలి.

గాజు మీద సన్న పగులు వచ్చింది, పనిచేస్తోంది కదా, వాడొచ్చా?

వాడకూడదు. పాలు పొంగినా నీళ్లు ఒలికినా ఆ పగులులోంచి కింద ఉన్న కరెంటు భాగాల మీదికి వెళ్తాయి. గోడ స్విచ్ ఆపేసి, గాజు మార్చేదాకా అలాగే ఉంచండి. టేపు అంటించడం పరిష్కారం కాదు.

పిల్లలున్న ఇంట్లో ఏం చేయాలి?

గిన్నెల పిడులు లోపలికి తిప్పి పెట్టండి, వీలైతే వెనక పొయ్యిలే వాడండి. చైల్డ్ లాక్ ఉంటే వేయండి. ఓవెన్ తలుపు గాజు, ముఖ్యంగా గ్రిల్ వేసినప్పుడు, చిన్నపిల్లల చర్మం కాలేంత వేడెక్కుతుంది, పెద్దవాళ్ల చేతికి తట్టుకోగలిగినట్టు అనిపించేదే వాళ్ల చర్మాన్ని కాల్చేస్తుంది. పిల్లలకి నచ్చే వస్తువులు, బిస్కెట్ డబ్బాలు, బొమ్మలు కుక్కర్ పైన అరలో పెట్టకండి. వాళ్లు ఎక్కడానికి కారణం మనమే పెడుతున్నాం అక్కడ. వంట అయిపోయాక, చల్లారాక, గోడ స్విచ్ ఆపే అలవాటు చేసుకుంటే వాళ్లు నాబ్ తిప్పినా ఏమీ కాదు.

బాణలిలో నూనె అంటుకుంటే ఏం చేయాలి?

దీని గురించి ఎక్కువే రాస్తాను, ఎందుకంటే అప్పుడు ఆలోచించే టైం ఉండదు, ఇప్పుడే ఆలోచించి పెట్టుకోవాలి.

నీళ్లు పోయకండి. నీళ్లు నూనె కంటే బరువు, కిందికి దిగిపోతాయి, అక్కడి వేడికి ఒక్కసారిగా ఆవిరవుతాయి, నీళ్లు ఆవిరైతే దాదాపు 1700 రెట్లు పెరుగుతాయి. ఒక్క గ్లాసు నీళ్లు మండుతున్న నూనెనంతా పైకప్పు దాకా ఎగజిమ్ముతాయి. బాణలిని ఎత్తి బయటికి తీసుకెళ్లాలని కూడా అనిపిస్తుంది, అదీ వద్దు, రెండడుగులు వేసేలోపు మంట వెనక్కి మీ మొహం మీదికి వస్తుంది, చెయ్యి కాలి వదిలేస్తారు, మండే నూనె కాళ్ల మీద పడుతుంది.

చేతికి అందితే వేడి ఆపండి, మంట మీదుగా చెయ్యి చాపాల్సి వస్తే నాబ్‌ని వదిలేసి గోడ స్విచ్ ఆపండి. ఒక వెడల్పాటి లోహపు మూతని మీకూ మంటకీ మధ్య డాలులా పట్టుకుని, మీ వైపు నుంచి అవతలికి జరుపుతూ మూయండి. ఫైర్ బ్లాంకెట్ ఉంటే అంచులు చేతుల మీదికి చుట్టుకుని అలాగే కప్పండి. గాజు మూత పగలొచ్చు, అందుకే లోహపుది. కరెంటు పొయ్యితో ఇక్కడో తేడా ఉంది: గ్యాస్ ఆపితే మంట పోతుంది, ఈ ఇనుప పళ్లెమో గాజో ఆపాక కూడా చాలా నిమిషాలు వేడిని బాణలికి ఇస్తూనే ఉంటుంది. కాబట్టి మంట ఆరిపోయిందా అని మూత తీసి చూడకండి, గాలి తగలగానే మళ్లీ అంటుకుంటుంది. కనీసం అరగంట ముట్టుకోకండి. మంట మూత కంటే పెద్దదైతే, లేదా అరలకి పాకితే, వంటగది తలుపు మూసి అందర్నీ బయటికి తీసుకెళ్లి ఫైర్ సర్వీస్‌కి ఫోన్ చేయండి.

ఇంతదాకా రాకుండా ఉండాలంటే బాణలిలో మూడో వంతుకి మించి నూనె పోయకండి, నూనె పొగలు రావడం మొదలైతే అది హెచ్చరిక అనుకోండి, వేయించేటప్పుడు ఫోన్ వచ్చినా, ఎవరో తలుపు కొట్టినా ముందు పొయ్యి ఆపి వెళ్లండి.

ఓవెన్ లోపల మంట వస్తే తలుపు తెరవకుండా ఆపేయండి, గాలి అందక దానంతట అదే ఆరిపోతుంది.

చెయ్యి కాలితే?

చల్లటి కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు. రెండు నిమిషాలు కాదు, గడియారం చూసి 20. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయండి. ఐసు, టూత్‌పేస్ట్, నూనె, వెన్న ఏవీ పూయకండి. బట్ట చర్మానికి అంటుకుపోతే లాగకండి. అరచేయి కంటే పెద్ద గాయమైనా, మొహం, చేతులు, కీళ్ల మీదైనా, చిన్నపిల్లలకైనా, నీళ్ల కింద చల్లార్చిన తర్వాత ఆసుపత్రికే వెళ్లాలి.

వంట మధ్యలో పవర్ పోతే?

అన్ని నాబ్‌లూ సున్నాకి తిప్పేయండి, వెంటనే. పవర్ ఎప్పుడొస్తుందో తెలియదు, మర్చిపోయి బయటికి వెళ్తే అది వచ్చాక ఖాళీ ఇంట్లో పొయ్యి దానంతట అది వేడెక్కుతుంది. టచ్ బటన్ల మోడల్స్ చాలావరకు పవర్ వచ్చినా ఆగే ఉంటాయి, నాబ్ రకాలు అలా కాదు.

వోల్టేజ్ తక్కువున్నప్పుడు వంట ఎందుకింత ఆలస్యం అని కూడా అడుగుతారు. హీటర్ ఇచ్చే వేడి వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటుంది, 230 నుంచి 200కి పడితే వేడి దాదాపు పావు వంతు తగ్గిపోతుంది. కుక్కర్ పాడైపోలేదు.

శుభ్రం చేసేటప్పుడు ఏం గుర్తుపెట్టుకోవాలి?

గోడ స్విచ్ ఆపి, చల్లారాక మొదలుపెట్టండి. ఒక్క మినహాయింపు: పంచదార పాకమో ప్లాస్టిక్కో గాజు మీద పడితే, వేడిగా ఉండగానే, పొయ్యి ఆపి, చేతికి మందపాటి గ్లవ్ వేసుకుని, గాజు గీరే బ్లేడుతో వెంటనే లాగేయండి. చల్లారితే గాజుని పట్టేసుకుంటుంది, ఊడేటప్పుడు గాజు పెచ్చు కూడా ఊడుతుంది. స్టీమ్ క్లీనర్ వాడకండి, ఆవిరి కరెంటు భాగాల్లోకి వెళ్తుంది. ఓవెన్ తలుపు గాజుని ఇనుప పీచుతోగానీ గరుకు పౌడర్‌తోగానీ రుద్దకండి, ఇవాళ పడిన గీత ఎప్పుడో వేడి మీద గాజుని ఒక్కసారిగా పగలగొడుతుంది.

తానే శుభ్రం చేసుకునే పైరోలిటిక్ ఓవెన్లు 500 డిగ్రీల దాకా వెళ్తాయి, తలుపు లాక్ అవుతుంది, ముందే జాలీలు, ట్రేలు తీసేయాలి. ఆ సమయంలో పిల్లల్నీ పక్షుల్నీ ఆ గదిలో ఉంచకండి.

ఓవెన్ బల్బు మార్చేటప్పుడు గోడ స్విచ్ ఆపడం తప్పనిసరి. 300 డిగ్రీలు తట్టుకునేదని రాసి ఉన్న ఓవెన్ బల్బే కొనండి, ఇంట్లో వాడే ఎల్ఈడీ అక్కడ నిలవదు.

ఓవెన్ అడుగున ఫాయిల్ పరవొచ్చా? కింద డ్రాయర్‌లో ఏం పెట్టుకోవచ్చు?

ఫాయిల్ వద్దు. కింద హీటర్ ఉంటుంది, వేడి పైకి రాకుండా ఆగి ఎనామిల్ పాడవుతుంది, ఒక్కోసారి ఫాయిల్ కరిగి అంటుకుపోతుంది. డ్రాయర్‌లో ట్రేలు పెట్టుకోండి. మసిగుడ్డలు, కాగితాలు, ప్లాస్టిక్, స్ప్రే డబ్బాలు వద్దు, అది మీరు అనుకున్నదానికంటే ఎక్కువ వేడెక్కుతుంది.

గ్రిల్ వేసినప్పుడు తలుపు తెరిచి ఉంచాలా, మూయాలా?

మోడల్‌ని బట్టి. తెరిచి ఉంచాల్సిన దాన్ని మూసేస్తే వేడికి నాబ్‌లు కరిగిపోతాయి. ఇది ఊహించకండి, మాన్యువల్ చూడండి.

చలికి ఓవెన్ తలుపు తెరిచి గది వేడి చేసుకోవచ్చా?

చేయకండి. నాబ్‌లు, వైర్లు ఆ వేడికి తయారు చేసినవి కావు, పైగా తెరిచిన తలుపు నడిచేవాళ్ల మోకాళ్ల ఎత్తులో ఉంటుంది.

పాత కుక్కర్ తీసేసేటప్పుడు?

మెయిన్ బోర్డులో ఆ లైన్ బ్రేకర్ ఆపించి, కరెంటు లేదని మీటర్‌తో చూశాకే వైర్లు విప్పించండి. కొత్తది వెంటనే రాకపోతే గోడలోంచి వచ్చే వైర్ల చివరలు టేపు చుట్టి వదలకుండా బాక్సులో మూయించండి. కుక్కర్‌ని తలుపు పిడి పట్టుకుని ఎత్తకండి, ఊడి కాలి మీద పడుతుంది. బయట పెట్టేముందు కుక్కర్ వైపు కేబుల్ కోసేయండి, ఎవరూ మళ్లీ తెలియకుండా కలపకుండా. ఓవెన్ తలుపు కూడా ఊడదీసి విడిగా పెట్టండి, దాక్కునే ఆటలో పిల్లలు లోపలికి దూరితే తలుపు మూసుకుపోకుండా.